ఒకే ఊరి స్నేహితులు, వేరు వేరు కాలేజీలు

మన దీవిలో పిల్లల స్నేహానికి మొదటి పరీక్ష చాలాకాలం పాటు ఆరవ తరగతి పరీక్షే. అంతవరకు ఒకే బల్ల మీద కూర్చున్నవారు, ఒకే దారిన చెరకు తోట గట్టు వెంట బడికి నడిచినవారు, ఒకరి డబ్బాలోని రొట్టె ఇంకొకరు తిన్నవారు. పదకొండు పన్నెండేండ్ల వయసులో ఫలితాలు వచ్చిన రోజున ఒకడికి పోర్ట్ లూయీ రాయల్ కాలేజీలో చోటు దొరికేది. రెండవవాడు అదే పట్నంలో ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో చేరేవాడు. మూడవవాడికి ఏ కాలేజీ లేదు. తండ్రి వెంట తోటకు పోయేవాడు. మన వాడుకలో ఉన్నత పాఠశాలనే కాలేజీ అంటాము గనుక ఈ వ్యాసంలో కూడా ఆ మాటనే వాడుతున్నాము.

పిల్లల స్నేహాలు కూడా చరిత్రేనా అని కొందరు పాఠకులు అడగవచ్చు. మన సంఘ చరిత్ర వ్రాసేటప్పుడు ఓడల పేర్లు, గవర్నర్ల పేర్లు, గుడి కట్టిన సంవత్సరం చెప్పి ఊరుకోవడం అలవాటైపోయింది. కాని ఎవరు ఎవరితో కలిసి పెరిగారు, ఎవరిని ఎవరి నుండి ఏది విడదీసింది అన్న ప్రశ్నలకు జవాబు వెతికితే అందులో చట్టాలు కనబడతాయి, చక్కెర ధర కనబడుతుంది, ప్రభుత్వాల నిర్ణయాలు కనబడతాయి. అంతటి విడదీతలోనూ మన పిల్లల స్నేహాలు చాలావరకు నిలిచాయి. అవి వట్టి మనసు బలంతోనే నిలవలేదు. ఏ కాలేజీకీ చెందని కొన్ని తావులు మన ఊళ్ళలో ఉండేవి. వాటి వల్ల నిలిచాయి. ఆ తావుల సంగతి చెప్పుకోవడమే మా ఉద్దేశం.

ఓడ దిగిన చోటే మొదటి ఎడబాటు

ఈ ఎడబాటు మనకు కొత్తది కాదు. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ పోర్ట్ లూయీ రేవు చేరిన నాటి నుండి ఇరవయ్యవ శతాబ్దపు తొలి ఏండ్ల వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా ఈ దీవికి వచ్చారు. వారిలో మన పెద్దలు గంజాం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుండి బయలుదేరి కోరంగి, మద్రాసు వంటి రేవుల్లో ఓడ ఎక్కారు. కోరంగి రేవు పేరు మీదనే ఇక్కడి తెలుగువారిని చాలాకాలం 'కోరంగీలు' అని పిలిచారు.

ఓడలో వారాల తరబడి ఒకే చోట పడుకుని, ఒకే నీళ్ళు తాగి, ఒకే అలకు భయపడినవారు కులం వేరైనా, ఊరు వేరైనా ఒకరికొకరు 'జహాజీ భాయి' అయ్యారు. మాట ఉత్తరాది వారిదే అయినా ఆ బంధం అందరిదీ. దానిని ఓడ చుట్టరికం అనుకోవచ్చు. ఓడ దిగిన తరువాత రేవు పక్కనున్న డిపోలో రెండు రోజులుంచి, పేర్లు వ్రాసుకుని, మనుషులను తోటల వారీగా పంచేవారు. ఒకరు ఉత్తరాన రివియేర్ దు రాంపార్ వైపు, ఇంకొకరు దక్షిణాన సవాన్ వైపు. నాటి దస్త్రాలు నేటికీ మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. వాటిలో మనిషి పేరుంది, ఓడ పేరుంది, తోట పేరుంది. ఎవరితో స్నేహం అన్న గడి మాత్రం లేదు.

తోట దాటి స్నేహితుణ్ణి చూడబోవడం ఆ రోజుల్లో సులువు కాదు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసే పద్ధతి ఉండేది. 1867 నాటి చట్టం వచ్చాక ఒప్పందం తీరిన పాత కూలీలు కూడా ఫోటో అంటించిన చీటీ, పోలీసు వారి అనుమతి పత్రం దగ్గర పెట్టుకోనిదే రోడ్డు మీద నడవడానికి లేదు. చీటీ లేకుండా దొరికినవాడు దేశద్రిమ్మరి కింద లెక్క. ఈ బాధలు చెప్పుకుంటూ 1871లో అడాల్ఫ్ ద ప్లేవిట్జ్ సాయంతో 9,401 మంది పాత కూలీలు గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. ఆ మరుసటి ఏడాది లండన్ నుండి రాజ విచారణ సంఘం వచ్చింది. మనిషి మనిషిని కలుసుకోవడానికి కూడా అర్జీ పెట్టుకోవలసిన కాలమది. ఇదంతా ఎందుకు చెప్పామంటే, తాతలను తోట విడదీసినట్టే మనుమలను కాలేజీ విడదీసింది. తాతలు వెతుక్కున్న ఉపాయం వంటిదే మనుమలూ వెతుక్కున్నారు.

రుసుము ఉన్న రోజులు

1977కు పూర్వం ప్రాథమిక బడిలో రుసుము లేదు. ఆరవ తరగతి దాటితే ఉంది. ప్రభుత్వ కాలేజీలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని. మగపిల్లలకు క్యూర్‌పిప్‌లోను, పోర్ట్ లూయీలోను రాయల్ కాలేజీలు. ఆడపిల్లలకు రోజ్ హిల్‌లో క్వీన్ ఎలిజబెత్ కాలేజీ. వాటిలో చోటు సంపాదించడానికి దీవి అంతటి పిల్లలు పోటీ పడేవారు. క్రైస్తవ మఠాల వారి కాలేజీలు మరికొన్ని. మిగిలిన పిల్లలందరికీ ప్రైవేటు కాలేజీలే గతి. వాటిలో మంచివీ ఉన్నాయి. రెండంతస్తుల ఇంటిని గదులుగా కోసి, ప్రయోగశాల గాని ఆటస్థలం గాని లేకుండా నడిపినవీ ఉన్నాయి. రుసుము నెల నెలా కట్టాలి. కట్టకపోతే పిల్లవాణ్ణి ఇంటికి పంపేవారు.

చక్కెర తోటలో పనిచేసే తండ్రికి నలుగురు పిల్లలుంటే ఒక్కరిని కాలేజీకి పంపగలిగేవాడు. ఆ ఒక్కరు సాధారణంగా కొడుకే. ఆడపిల్ల ఆరవ తరగతి ఎంత బాగా ప్యాసైనా ఇంటి పనికో, కుట్టు పనికో, తల్లితో కలిసి తోటకో పోయేది. 1970 చివరలో ఎగుమతి వస్తువుల ఫ్యాక్టరీల చట్టం వచ్చాక ఊళ్ళ దగ్గర బట్టల ఫ్యాక్టరీలు లేచాయి. ఒకప్పుడు ఒకే జడకుచ్చులు పంచుకున్న ఇద్దరు స్నేహితురాళ్ళలో ఒకతె యూనిఫారం వేసుకుని కాలేజీ బస్సు కోసం, ఇంకొకతె ఫ్యాక్టరీ బండి కోసం ఒకే చెట్టు కింద నిలబడే దృశ్యం మన ఊళ్ళలో ఎందరో చూసినదే. పిల్లల తెలివిలో తేడా లేదు. ఇంటి కొనుగోలు శక్తిలో తేడా ఉంది, మగపిల్ల ఆడపిల్ల అన్న లెక్కలో తేడా ఉంది.

యూనిఫారం అన్నది దూరానికే కనబడే గుర్తు. చొక్కా జేబు మీది ముద్ర చూసి కండక్టరు కూడా మర్యాద తక్కువ ఎక్కువ చేసేవాడు. రాయల్ పిల్లవాడు పక్క వీధిలో నడిచి వస్తుంటే "మీ అబ్బాయి లారియేట్ అవుతాడమ్మా" అని తల్లితో అనేవారు. హెచ్.ఎస్.సి.లో అందరికంటె పైన నిలిచి ప్రభుత్వ ఖర్చు మీద విదేశాలకు చదవబోయే వారిని లారియేట్లు అంటాము గదా! పక్కనే నడుస్తున్న ప్రైవేటు కాలేజీ పిల్లవాడితో ఎవరూ ఏమీ అనేవారు కారు. ఆ మౌనాన్ని ఇద్దరు స్నేహితులూ వినేవారు. స్నేహాలు తెగడానికి దూరం కంటె ఇటువంటి మౌనమే ఎక్కువ పని చేస్తుంది.

బస్సు స్టాండు, నోటు పుస్తకం, భజన

మరి తెగకుండా నిలిపినవి ఏవి? మేము మూడింటిని చెబుతాము.

మొదటిది బస్సు స్టాండు. ఉత్తరాది ఊళ్ళ నుండి పోర్ట్ లూయీకి వచ్చే బస్సులు ఎన్నో ఏండ్లు ఇమ్మిగ్రేషన్ స్క్వేర్‌లో ఆగేవి. గూడ్‌లాండ్స్ నుండి గాని, రివియేర్ దు రాంపార్ నుండి గాని ఒకే బస్సులో వచ్చిన పిల్లలు అక్కడ దిగి ఎవరి కాలేజీ దారిన వారు పోయేవారు. మధ్యాహ్నం బడి వదిలాక మళ్ళీ అక్కడికే చేరేవారు. బస్సు రావడానికి ఇంకా పావుగంట ఉంటే ఆ పావుగంట వారిది. ఒక ధోల్ పూరీ ఇద్దరు పంచుకుని తినడం, ఒకరి మాస్టరును ఇంకొకరికి అభినయించి చూపడం, లెక్కల పుస్తకం మార్చుకోవడం అన్నీ అక్కడే. ఆ బస్సు స్టాండును ఆనుకునే కూలీలను దింపి పంచిన పాత డిపో మెట్లున్నాయి. వాటినే నేడు ఆప్రవాసీ ఘాట్ అంటున్నాము. 2006లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. తాతలు విడిపోయిన చోటనే మనుమలు ప్రతి సాయంత్రం కలుసుకున్నారు. ఆ సంగతి ఆ పిల్లలకు తెలిసి ఉండదు. మనకు తెలిసి ఉండాలి. క్యూర్‌పిప్ వైపు పిల్లలకు జాన్ పాలాక్ బస్సు స్టాండు ఇటువంటిదే.

రెండవది నోటు పుస్తకం. అందరూ చివరికి వ్రాసేది ఒకే కేంబ్రిడ్జి పరీక్ష. స్కూల్ సర్టిఫికెట్ ప్రశ్నపత్రానికి రాయల్ అని, ప్రైవేటు అని తేడా లేదు. అందుచేత మంచి ఉపాధ్యాయుడు చెప్పిన పాఠం ఒక కాలేజీలో వ్రాసుకున్నది, రాత్రి ఇంకొక కాలేజీ పిల్లవాడి చేతికి వచ్చేది. అప్పట్లో ఫోటో కాపీలు లేవు. కిరోసిన్ దీపం దగ్గరో, కొత్తగా వచ్చిన కరెంటు బల్బు కిందో కూర్చుని చేత్తో ఎత్తి వ్రాసుకునేవారు. వ్రాసుకున్నవాడికి పాఠం ఒకటికి రెండుసార్లు వచ్చేది. ఇచ్చినవాడు తన వ్రాతలో తప్పులు స్నేహితుడు దిద్దగా నేర్చుకునేవాడు. ట్యూషను, అదే మనం 'లెసోఁ' అనేది, మన దీవికి పెద్ద భారమే అయినా అందులో ఒక మేలుంది. వేరు వేరు కాలేజీల పిల్లలు ఒకే మాస్టరు వరండాలో కలిసి కూర్చునేవారు.

మూడవది, మన సంఘానికి ప్రత్యేకమైనది, రామభజన. శనివారం రాత్రి కోవెలలో దీపం చుట్టూ తాళాలు పట్టుకుని తిరుగుతూ పాడేవారి వరుసలో ఎవరి కాలేజీ ఏదో ఎవరూ అడగరు. అక్కడ గొప్పవాడు ఎవడంటే గొంతు బాగున్నవాడు, తాళం తప్పనివాడు. రాయల్ పిల్లవాడికి తాళం తప్పితే, ఆరవ తరగతితో బడి మానేసి చెరకు నరికే స్నేహితుడు మోచేత్తో పొడిచి సరిచేసేవాడు. ఏడు రోజులు ఒక వరుసలో నడిచిన పెద్దరికం ఆ ఒక్క రాత్రి తలకిందులయ్యేది. సింహాద్రి అప్పన్న పూజకు, అమ్మోరు పండుగకు సామాను మోసేది, మామిడాకులు కట్టేది, వంట పొయ్యి దగ్గర కట్టెలు ఎగదోసేది ఈ పిల్లలే. ఆడపిల్లలకు ఊరు దాటి స్నేహితురాలి ఇంటికి పోవడానికి ఇంట్లో సెలవు దొరకకపోయినా, గుడికి పోతానంటే దొరికేది. పూలు గుచ్చేటప్పుడు దాచుకున్న కబుర్లన్నీ బయటకు వచ్చేవి.

వీటికి తోడు సాయంత్రపు తెలుగు బడి. ఆ బడిలో అందరూ ఒకే తరగతి. ఇంగ్లీషు, ఫ్రెంచి గడగడ చదివే పిల్లవాడు 'క్ష' దగ్గర ఆగిపోతే, ఏ కాలేజీకీ పోని పిల్లవాడు పలికి చూపించేవాడు. అ ఆ లు వచ్చినంత మాత్రాన ఉద్యోగం రాదని అందరికీ తెలుసు. అందుకనే అక్కడ పోటీ లేదు. పోటీ లేని చదువు కనుక స్నేహానికి చోటు మిగిలింది.

1975 మే 20

ఇంతవరకు చెప్పినవి చిన్న చిన్న ఉపాయాలు. విడదీసిన పిల్లలే ఒక రోజు అందరూ కలిసి విడదీసిన పద్ధతినే ప్రశ్నించారు. ఆ రోజు 1975 మే 20.

అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి ఏడేండ్లు. 1972లో జరగవలసిన ఎన్నికలు వాయిదా పడ్డాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలో జెర్వేజ్ తుపాను వచ్చి ఎన్నో ఇళ్ళ కప్పులు ఎగరగొట్టింది. ప్రైవేటు కాలేజీల పిల్లలు మాకూ ప్రయోగశాలలు కావాలి, మాకూ తగిన ఉపాధ్యాయులు కావాలి, ప్రభుత్వ కాలేజీకీ మా కాలేజీకీ ఇంత తేడా ఎందుకు అని అడగసాగారు. పాఠాల్లో మన దీవి సంగతులు ఉండాలన్నారు. పద్దెనిమిదేండ్లకే ఓటు కావాలన్నారు. ఒక కాలేజీలో మొదలైన సమ్మె ఇంకొక కాలేజీకి పాకింది. మే 20న వేల మంది విద్యార్థులు, ఆడపిల్లలు కూడా, యూనిఫారాలతోనే రాజధాని వైపు నడిచారు. గ్రాండ్ రివర్ నార్త్ వెస్ట్ వంతెన దగ్గర పోలీసులు వారిని ఆపి బాష్పవాయువు ప్రయోగించారు. కొందరిని పట్టుకుపోయారు.

ఆ వంతెన మీద రంగురంగుల యూనిఫారాలు కలిసిపోయాయి. ఏ చొక్కా జేబు మీద ఏ ముద్ర ఉందో చూసే తీరిక ఎవరికీ లేదు. అయిదారేండ్లుగా వేరు వేరు గేట్లలోకి పోయినవారు ఒకే రోడ్డు మీద కళ్ళు మండుతూ పరుగెత్తారు. ఇందులో హిందువులు, ముస్లిములు, క్రెయోలు వారు, చీనావారు అందరూ ఉన్నారు. ఇది ఏ ఒక్క సంఘం గొప్పా కాదు. అయితే బస్సు స్టాండులో నోటు పుస్తకాలు మార్చుకున్న పిల్లలకు ఒక సంగతి ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. నా స్నేహితుడి కాలేజీలో ఏముంది, నా కాలేజీలో ఏమి లేదు అన్న లెక్క వారికి ముందే వచ్చు. స్నేహం వల్లనే ఆ తేడా వారికి అంత స్పష్టంగా కనబడింది.

ఫలితం త్వరగానే వచ్చింది. 1975 ముగిసేలోగా ఓటు వయసు ఇరవై ఒకటి నుండి పద్దెనిమిదికి తగ్గింది. 1976 డిసెంబరు 20న ఎన్నికలు జరిగాయి. ఆ ఎన్నికలకు ముందే సర్ శివసాగర్ రామ్‌గులామ్ ప్రభుత్వం ఉన్నత విద్యకు రుసుము ఎత్తివేస్తామని ప్రకటించింది. 1977 జనవరి నుండి అది అమలయింది. అంతకు కొద్ది ఏండ్ల ముందు ప్రపంచ విపణిలో చక్కెర ధర బాగా పెరిగి ఖజానాకు కొంత వెసులుబాటు ఉండటం కూడా కలిసివచ్చింది. ప్రైవేటు కాలేజీలకు ప్రభుత్వమే గ్రాంటు ఇవ్వసాగింది. తోట కూలి ఇంట్లో నలుగురు పిల్లలుంటే నలుగురూ కాలేజీకి పోగలిగారు. మన ఆడపిల్లలకు తలుపు తెరిచిన సంవత్సరం ఏదంటే 1977 అని మేము నిస్సంకోచంగా చెబుతాము.

రుసుము పోయింది, ర్యాంకు వచ్చింది

డబ్బు గోడ కూలినా ఇంకొక గోడ మిగిలింది. 1980 నుండి ఆరవ తరగతి పరీక్షకు సి.పి.ఇ. అని పేరు వచ్చింది. దీవి మొత్తం మీద ఎవరు ఎన్నవవారో ర్యాంకు కట్టి, పై ర్యాంకుల వారికి పేరున్న కాలేజీలు ఇచ్చేవారు. ఆ కాలేజీలకు 'స్టార్' కాలేజీలని పేరు. ఇదివరకు తండ్రి జేబు విడదీసిన పిల్లలను ఇప్పుడు పదకొండేండ్ల వయసులో రెండు మార్కులు విడదీశాయి. తండ్రికి డబ్బు లేక పోలేదంటే పిల్లవాడికి అవమానం తక్కువ. "నీకు ర్యాంకు రాలేదు" అంటే ఆ మాట వాడి ఒంటికే అంటుకుంటుంది. ఏటా పరీక్షకు కూర్చున్న వారిలో సుమారు మూడోవంతు మంది తప్పేవారు. నాలుగవ తరగతి నుండే ట్యూషన్లు మొదలయ్యాయి. పక్కింటి స్నేహితుడే పోటీదారు అయ్యాడు.

ఈ పద్ధతి మార్చడానికి ప్రయత్నాలు జరగకపోలేదు. 2000 తరువాత వచ్చిన సంస్కరణలో ర్యాంకు తీసివేసి, దీవిని నాలుగు మండలాలుగా విభజించి, దగ్గరి కాలేజీలో చోటు ఇవ్వసాగారు. ఊరి పిల్లలు ఒకే బస్సులో ఒకే కాలేజీకి పోగల అవకాశం కొన్నాళ్ళు పెరిగింది. 2006లో ఎ ప్లస్ లెక్కతో పై కాలేజీల ఎంపిక మళ్ళీ వచ్చింది. క్యాథలిక్ కాలేజీలలో సగం చోట్లు ఆ మతం వారికే కేటాయించే పద్ధతి చెల్లదని 2004లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. 2005లో విద్యార్థులకు బస్సు ప్రయాణం ఉచితమయింది. పదహారేండ్ల వరకు చదువు నిర్బంధమయింది. సి.పి.ఇ. చివరిసారి 2016లో జరిగింది. ఆ తరువాత తొమ్మిదేండ్ల విద్యా పద్ధతి వచ్చి, 2021లో తొమ్మిదవ తరగతి పరీక్ష మీద పన్నెండు అకాడమీలకు ఎంపిక మొదలయింది. పదకొండేండ్ల నాటి ఎడబాటు అలా పదిహేనేండ్లకు జరిగింది. వయసు పెరిగింది గనుక బాధ తగ్గిందా అంటే, పదిహేనేండ్ల పిల్లలున్న తల్లిదండ్రులు జవాబు చెప్పగలరు.

ఈ వరుస చూస్తే ఒకటి తెలుస్తుంది. ప్రభుత్వాలు మారినా, పరీక్షల పేర్లు మారినా, పిల్లలను ఎక్కడో ఒక చోట వేరు చేయక తప్పడం లేదు. పైచదువుకు చోట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ అయినంతకాలం అది జరుగుతూనే ఉంటుంది. కనుక మన పిల్లలు విడిపోకుండా చూడటం మన చేతిలో లేదు. విడిపోయినవారు కలుసుకునే చోటు నిలపడం మన చేతిలో ఉంది.

ఇప్పుడు చేయవలసినది

నేటి పిల్లలకు చేతిలో టెలిఫోను ఉంది. స్నేహితుడు ఏ కాలేజీలో ఉన్నా క్షణంలో పలకరించవచ్చు. ఇది మంచిదే. కాని టెలిఫోనులో ఇద్దరూ తమ తమ కాలేజీల వారిగానే మాట్లాడుకుంటారు. కలిసి మోయడానికి బరువు, కలిసి పాడటానికి పాట, ఒకరి తప్పు ఒకరు దిద్దడానికి అవకాశం ఉన్నచోటనే మార్కులు మరుగున పడతాయి. మన పెద్దలు భజనను దేవుడి కోసం పెట్టుకున్నారు. దానితోపాటు తెలియకుండానే పిల్లలకు ఆ చోటు కూడా ఇచ్చారు. నేడు శనివారం రాత్రి భజనలో నెరసిన తలలే ఎక్కువగా కనబడుతున్నాయి. పిల్లలు ఏరి అంటే ట్యూషనులో ఉన్నారంటారు.

అందుచేత ఊరూరా ఉన్న మన సభల ముందు మూడు సూచనలు ఉంచుతున్నాము.

భజన సాధన వేళను ట్యూషను వేళ చూసి నిర్ణయించాలి. పిల్లలు రాలేని వేళ పెట్టి పిల్లలు రావడం లేదని బాధపడి లాభం లేదు. పరీక్షల నెలలో అరగంట చాలు. మానకుండా ఉంటే చాలు.

సాయంత్రపు తెలుగు తరగతిని కాలేజీ తరగతుల వారీగా కాక ఊరి వారీగా నడపాలి. పన్నెండేండ్ల పిల్ల, పదహారేండ్ల పిల్లవాడు, చదువు మాని పనిలో చేరినవాడు ఒకే చాప మీద కూర్చోవాలి. తెలుగు రానిది అందరికీ సమానమే గనుక సిగ్గు పడవలసినది ఎవరికీ లేదు.

ఉగాది మన దీవిలో ప్రభుత్వ సెలవుదినం. ఆ రోజు అన్ని కాలేజీలూ మూతబడి ఉంటాయి. సభలు బహుమతులు పంచేటప్పుడు పై కాలేజీలో చోటు తెచ్చుకున్న పిల్లలను వేదిక ఎక్కించడం ఆచారం. ఎక్కించవలసినదే, కష్టపడి చదివారు. వారితోపాటు ఏడాది పొడుగునా భజనకు తాళం పట్టినవారిని, తెలుగు తరగతికి తప్పక వచ్చినవారిని, తోటి పిల్లలకు పాఠం చెప్పినవారిని కూడా పేరు పెట్టి పిలవాలి. ఇద్దరు స్నేహితులలో ఒకరినే వేదిక ఎక్కించి రెండవవారి చేత చప్పట్లు కొట్టిస్తే, పరీక్ష మొదలుపెట్టిన పనిని మనమే పూర్తి చేసినట్టవుతుంది.

మన తాతలు ఈ రేవులో దిగినప్పుడు వెంట తెచ్చుకున్న మూటలో ఏముందో చాలావరకు మరచిపోయాము. ఓడ చుట్టరికం ఒకటి మాత్రం మిగిలింది. రక్తసంబంధం లేకపోయినా, ఒకే ఊరి వారు కాకపోయినా, కష్టం పంచుకున్నవాడు తోబుట్టువేనన్న నమ్మకం అది. వేరు వేరు కాలేజీల నుండి సాయంత్రం ఒకే చాప మీదికి వచ్చి కూర్చునే పిల్లలకు ఆ మాట అర్థం చెప్పనవసరం ఉండదు. చాప పరచి, దీపం వెలిగించి, తలుపు తీసి ఉంచవలసిన పని పెద్దలది.